మోసే స్తంభాలు, మెరిసే స్తంభాలు



జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తూ, రోడ్డుకు రెండు పక్కలా ఉన్న ఇళ్ల ఎలివేషన్లు కాస్త తలెత్తి చూడండి. రెండంతస్తుల ఎత్తున గుండ్రటి తెల్ల స్తంభాలు కనిపిస్తాయి. స్తంభం తలమీద విచ్చుకున్న ఆకుల గుత్తి. స్తంభాల మీదుగా అడ్డంగా అంచుల వరసలు. ఆ పైన ఒక త్రికోణం. ఎక్కడో ఒకచోట గుమ్మటం. ఇవన్నీ రెండు వేల ఏళ్ల కిందటి రోము నుంచి, దారిలో ఎన్నో చేతులు మారి, ఈ గుట్టల మీదికి చేరినవే. వీటిని చూసి ఫారిన్ డిజైన్ అని మురిసిపోయేవాళ్లున్నారు, ఉత్త నకలు అని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. రెండూ తొందరపాటు మాటలే అని నా నమ్మకం. ఒక్కో భాగం పేరు తెలుసుకుని, అది అక్కడ చేస్తున్న పనేమిటో గమనిస్తే, ఎదుట ఉన్న ఇల్లూ అర్థమవుతుంది, రోమూ అర్థమవుతుంది. అందుకు నాకు ఒక్క ప్రశ్న చాలు. ఈ స్తంభం బరువు మోస్తోందా, నగలా పెట్టుకున్నదా?

ముందు స్తంభం సంగతి చూద్దాం. కింద పీఠం, నడుమ కాండం, పైన శీర్షం. శీర్షాన్ని బట్టి స్తంభం ఏ రకమో తేలుతుంది. సాదా దిమ్మె ఉంటే డోరిక్. అటూ ఇటూ చుట్టలు తిరిగి ఉంటే అయోనిక్. ఆకుల గుత్తి ఉంటే కొరింథియన్. ఈ మూడూ గ్రీకులవి. వీటికి రోమన్లు మరో రెండు కలిపారు. కాండం మీద నిలువు గాళ్లు లేకుండా నున్నగా ఉండేది టస్కన్. చుట్టలూ ఆకులూ రెండూ ఉండేది కాంపోజిట్.

ఆకుల స్తంభానికి ఒక కథ ఉంది. విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో పది భాగాల గ్రంథం రాసి అగస్టస్ చక్రవర్తికి అంకితమిచ్చాడు. ఆయన చెప్పిన కథ ఇది. కొరింథు నగరంలో పెళ్లీడుకొచ్చిన ఒక పిల్ల జబ్బుచేసి చనిపోయింది. ఆ పిల్ల ముచ్చటపడి దాచుకున్న గిన్నెలూ బొమ్మలూ ఆమెను పెంచిన దాది ఒక బుట్టలో సర్ది, సమాధి మీద పెట్టి, ఎండకూ వానకూ పాడవకుండా పైన పెంకు కప్పి వెళ్లింది. బుట్ట కింద అకాంథస్ అనే ముళ్లమొక్క వేరు ఉంది. వసంతం రాగానే కొమ్మలు బుట్ట చుట్టూ లేచాయి. పెంకు మూలలు అడ్డం తగిలేసరికి బయటికి వంగి చుట్టలు తిరిగాయి. అటుగా వెళ్తున్న శిల్పి కల్లిమాకస్ దాన్ని చూసి రాతిలోకి ఎక్కించాడట. జరిగిందో, ఎవరైనా కల్పించారో గానీ, ఈ కథ తెలిస్తే శీర్షాన్ని చదవడం వచ్చేస్తుంది. ఆకుల మీద ఉండే పలచటి నలుపలకల రాయి ఆ పెంకు. మూలల్లోని చుట్టలు ఆ వంగిన కొమ్మలు. దూలం కూర్చునేది ఆ పలక మీద. ఈసారి ఏ ఇంటి ముందైనా ఆగినప్పుడు ఆ పలక కోసం వెతకండి. పలక లేకుండా దూలం నేరుగా ఆకుల మీదే కూర్చుని ఉందంటే, అచ్చు పోసిన మనిషికి ఆకులు కనిపించాయి గానీ వాటి మీది బరువు గుర్తుకు రాలేదన్నమాట.

స్తంభాల మీది అడ్డ భాగంలో మూడు వరసలుంటాయి. కింద దూలం, దాని పేరు ఆర్కిట్రేవ్. నడుమ పట్టీ ఫ్రీజ్. వాన నీళ్లు గోడను తడపకుండా ముందుకు సాగిన అంచు కార్నిస్. ఆ పైన త్రికోణం పెడిమెంట్. వాలు కప్పు ఉన్న ఇంటికి ముందువైపు మూసిన గోడ అది. పెంకుటిళ్లలో మనకూ ఉన్నదే. కప్పు వాలుగా ఉంటే త్రికోణం దానంతటదే వస్తుంది. చదును శ్లాబు మీద పెడితే దానికి చేసే పనేమీ ఉండదు. డాబా చుట్టూ పొట్ట ఉన్న పొట్టి స్తంభాల పిట్టగోడ ఉంటుంది చూశారూ, దాన్ని కూడా రోమన్ అనే అంటారు. అది రోమన్లది కాదు. 15వ శతాబ్దంలో ఇటలీవాళ్లు పెట్టుకున్నది.

ఈ సామగ్రి హైదరాబాదుకు కొత్తదేమీ కాదు. కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో మొదలుపెట్టించిన రెసిడెన్సీ ముందు నిలువెత్తు కొరింథియన్ స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి. తరాల తరబడి మన ఆడపిల్లలు కోఠీ ఉమెన్స్ కాలేజీ అని చదువుకున్నది ఆ భవనంలోనే. 1884లో ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టడం మొదలైంది. ఇటలీలో పల్లాడియో అనే 16వ శతాబ్దపు వాస్తుశిల్పి రోమును కొత్తగా చదివాడు, ఆయన పుస్తకం ఇంగ్లండుకు వెళ్లింది, అక్కడి నుంచి కంపెనీ దొరల వెంట మన ఊరికి వచ్చింది. ఈ స్తంభాలు వచ్చిన దారి అది.

ఇక ఆ ప్రశ్న రోమునే అడుగుదాం. మీ స్తంభం మోస్తుందా? కొలోసియం ముందు నిలబడి అడిగితే జవాబు దొరుకుతుంది. వెస్పాసియన్ చక్రవర్తి మొదలుపెట్టించాడు, ఆయన కొడుకు టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించాడు. పొడవు 189 మీటర్లు, వెడల్పు 156, ఎత్తు 48. కింది అంతస్తులో 80 ఆర్చీలు. జనం ఏ దారిన వెళ్లాలో తెలిసేలా ఆర్చీల మీద అంకెలు చెక్కారు. ఆర్చీకీ ఆర్చీకీ మధ్య ఒక సగం స్తంభం గోడకు అంటుకుని ఉంటుంది. కింద టస్కన్, నడుమ అయోనిక్, ఆ పైన కొరింథియన్. చూసేవాళ్లకు స్తంభాలే ఆ కట్టడాన్ని మోస్తున్నట్టు అనిపిస్తుంది. అసలు బరువు మోసేది వాటి వెనకున్న ఆర్చీలూ, దిమ్మెలూ, లోపలి కాంక్రీటు కమానులూ. గ్రీకులకు మోత కూలీగా ఉన్న స్తంభానికి రోమన్లు చాలాచోట్ల ఆ కూలి మాన్పించి, నగ చేసి గోడకు పెట్టారు. కాబట్టి నగ స్తంభం పెట్టుకున్నందుకు జూబ్లీహిల్స్‌ను తప్పుపట్టలేం. తప్పుపడితే ముందు రోమును పట్టాలి. నాకు పట్టాలనిపించదు.

రోము నిజంగా పెంచి పెద్దచేసింది వేరు. దాన్ని మనం రోజూ వాడుతూ రోముది అని గుర్తించం. ఆర్చీ కట్టేటప్పుడు ముందు చెక్కతో సెంట్రింగ్ కొడతారు. రెండు వైపుల నుంచీ కోసిన రాళ్లు పేర్చుకుంటూ వస్తారు. నడిమధ్యలో చివరి రాయి దిగగొడతారు, దాన్ని కీస్టోన్ అంటారు. ఆ రాయి పడేదాకా ఆర్చీ చెక్క మీద ఆనుకున్న రాళ్ల కుప్ప. పడ్డాక చెక్క తీసేసినా రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలబడతాయి. రోమన్లు ఆర్చీని పొడుగ్గా సాగదీసి కమాను కప్పు చేశారు, గుండ్రంగా తిప్పి గుమ్మటం చేశారు. సున్నంలో నేపుల్స్ దగ్గర దొరికే అగ్నిపర్వతపు బూడిద కలిపి, నీళ్లలో కూడా గట్టిపడే కాంక్రీటు తయారుచేశారు. ఇనుము లేని కాంక్రీటు అది. ఆర్చీ నిజంగా మోస్తుంటే ఎలా ఉంటుందో చూడాలంటే ఫిల్మ్‌నగర్‌వాళ్లు రోముకు పోనక్కర్లేదు. షేక్‌పేట దాటి కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి వెళ్లండి. రాయీ సున్నమూ కలిసి గుమ్మటాన్ని శతాబ్దాలుగా ఎత్తిపట్టుకుని ఉన్నాయి. మన ఇళ్ల గేటు ముందు కనిపించే ఆర్చీల్లో చాలావాటికి బరువు పైనున్న బీము మోస్తుంది. కింద వంపు మాత్రం ప్లాస్టరింగులో తిరుగుతుంది.

రోములో పాంథియన్ అనే ఆలయం ఉంది. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 125 ప్రాంతంలో పూర్తయింది. దాని గుమ్మటం అడ్డకొలత 43.3 మీటర్లు. ఇనుము లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఈనాటికీ దాన్ని మించింది లేదు. కింద బరువైన రాతిముక్కలు కలిపి, పైకి పోయేకొద్దీ తేలికవి వాడి, చివరికి నీళ్లలో తేలే ప్యూమిస్ రాయి కలిపారు. నట్టనడుమ ఆకాశానికి తెరిచిన కన్ను ఉంటుంది, ఓక్యులస్ అంటారు. వాన పడితే లోపల పడుతుంది, నేలలో నీళ్లు పోయే కన్నాలున్నాయి. దాని ముందు వసారాలో 16 స్తంభాలు. ఒక్కోటీ ఏకశిల. దాదాపు 12 మీటర్ల పొడవు, 60 టన్నుల దాకా బరువు. అంతా గ్రానైటే. ఈజిప్టు ఎడారి కొండల్లో తొలిచి, ఇసుకలో లాగి, నైలు నది మీదా సముద్రం మీదా పడవల్లో తెచ్చారు. ఈ స్తంభాలు మోస్తాయి.

ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. జూబ్లీహిల్స్ నిలబడిందే గ్రానైటు మీద. దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి రాయి. ఆ బండలు ఎంత అందంగా పేరుకుని ఉండేవో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కులోకి వెళ్తే కాస్త మిగిలి ఉంది, చూడొచ్చు. రోమన్లు సముద్రాలు దాటించి తెచ్చుకున్న జాతి రాయిని మనం మందుపెట్టి పేల్చి, చదును చేసి, దాని మీద పీఓపీ స్తంభం నిలబెట్టి రోమన్ అన్నాం. స్తంభం నగ అయినందుకు నాకు బాధ లేదు. పేల్చిన రాయికి బాధ.

సినిమా సెట్టు సంగతి వేరు. అక్కడ నగే అసలు పని. ఈ విషయంలో రోమన్లు మన ఆర్ట్ డైరెక్టర్లకు పూర్వీకులు. విట్రూవియస్ తన ఐదో భాగంలో రంగస్థలానికి మూడు రకాల దృశ్యాలు చెప్పాడు. విషాదాంత నాటకానికి స్తంభాలు, త్రికోణాలు, విగ్రహాలు, రాజులకు తగ్గ సరంజామా. హాస్య నాటకానికి మామూలు ఇళ్లు, బాల్కనీలు, కిటికీలు. వనదేవతల నాటకానికి చెట్లు, గుహలు, కొండలు. రాజుగారి కోట, మధ్యతరగతి వీధి, అడవి. స్టూడియో ఫ్లోరులో ఈ మూడూ ఇంకా వేస్తూనే ఉన్నాం.

సెట్టు స్తంభం ఇంటికి చేరడం కూడా రోములోనే జరిగింది. క్రీస్తుపూర్వం 58లో మార్కస్ స్కారస్ అనే అధికారి ప్రజల వినోదం కోసం తాత్కాలిక నాటకశాల కట్టించాడు. రంగస్థలం వెనక గోడ మూడంతస్తులు. కింద పాలరాయి, నడుమ గాజు, పైన బంగారు పూత పూసిన చెక్క. మొత్తం 360 స్తంభాలు. ఈ లెక్క ప్లినీ అనే రచయితది. నెలరోజుల వాడకానికి ఇంత హంగామా. ఆటలయ్యాక వాటిలో అన్నిటికన్నా పెద్ద పాలరాతి స్తంభాలను, 38 అడుగులవి, స్కారస్ తన ఇంటి ముందు హాలుకు తరలించాడు. దారిలో కింద ఉన్న మురుగు కాలువలు ఈ బరువుకు కుంగితే నష్టం నువ్వే కట్టాలని కాలువల కాంట్రాక్టరు స్కారస్ దగ్గర ముందే హామీ రాయించుకున్నాడు. అంత దాష్టీకాన్ని చట్టం చూస్తూ ఊరుకుందని ప్లినీ బాధపడ్డాడు. నాటకశాల గొప్పదనం ఇంటి గొప్పదనంగా మారిన ఆ రోజే ఈ కథంతా మొదలైందని నాకనిపిస్తుంది.

అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో ఈ గుట్టల దగ్గరే వెలిసింది. మద్రాసు నుంచి తెలుగు సినిమా ఇటు తరలివచ్చే దారిలో అదొక పెద్ద మజిలీ. తర్వాత ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియోస్ వచ్చింది. సెట్టులో స్తంభం ఎలా తయారవుతుందో దగ్గర నుంచి చూడాలి. కార్పెంటర్లు ప్లైవుడ్డును గుండ్రటి చక్రాలుగా కోస్తారు. వాటిని నిలువు రీపర్లతో బిగిస్తే అస్థిపంజరం అవుతుంది. దాని చుట్టూ వంగే పలచటి ప్లై చుట్టి మేకులు కొడతారు. మౌల్డింగ్ పనివాళ్లు పైన పీఓపీ పూస్తారు. తడి ఆరకముందే, అంచు నమూనా ప్రకారం కత్తిరించిన రేకును కిందినుంచి పైకి లాగుతారు. ఆ లాగుడుకి గాళ్లు తేలతాయి. చెయ్యి వణికితే వంకర. శీర్షం విడిగా తయారవుతుంది. ఒక్క ఆకుల గుత్తిని మట్టిలో చెక్కి, అచ్చు తీసి, ఫైబరులో ఎన్ని కావాలంటే అన్ని పోస్తారు. చివర పెయింటరు స్పాంజితో రాతి మరకలు వేస్తాడు. ఇంతా చేస్తే ఆ స్తంభాన్ని ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని పోతారు. వెనకవైపు, కెమెరా చూడనిచోట, పచ్చి ప్లై అలాగే ఉంటుంది. రోమన్లు కూడా గోడ పూతకు ఇలాంటి శ్రమే పడ్డారు. ఇసుక సున్నం మూడు పూతలు, దాని మీద పాలరాతి పొడి కలిపిన సున్నం మూడు పూతలు వెయ్యాలని విట్రూవియస్ నియమం పెట్టాడు. పాంపేయి నగరంలో గోడల మీద స్తంభాలను రంగులతో వేశారు. గోడ కరిగి వెనక రాజభవనం కనిపిస్తున్నట్టు ఉంటాయి అవి. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కప్పేయబట్టి మిగిలాయి. ఆ బొమ్మలకు నాటకాల తెరలే మాతృక అని చాలామంది పండితుల అభిప్రాయం.

తెర మీద రోము మనకు రెండు రకాలుగా వచ్చింది. 1978 నాటి కరుణామయుడులో రోమన్ సైనికులు తెలుగు మాట్లాడారు. 2015లో రాజమౌళి బాహుబలిలో మాహిష్మతికి రోముతో సంబంధం లేదు గానీ, భల్లాలదేవుడు దున్నతో తలపడే గోదా, చుట్టూ మెట్ల మీద జనం, రోమన్ ఆంఫీథియేటర్ చూసిన కంటికి వెంటనే అందుతాయి. ఆర్ట్ డైరెక్టర్ సాబు సిరిల్ ఆ లోకాన్ని రామోజీ ఫిల్మ్ సిటీలో నిలబెట్టారు. బంగారు విగ్రహాన్ని తాళ్లతో లాగి నిలబెట్టే ఘట్టం గుర్తుందా? రోములో నీరో చక్రవర్తి తన ఇంటి ముందు దాదాపు 30 మీటర్ల కంచు విగ్రహం పెట్టించుకున్నాడు. తర్వాత హేడ్రియన్ దాన్ని నిలువునా 24 ఏనుగులతో జరిపించాడని లాటిన్ చరిత్ర చెబుతోంది. కొలోసియానికి ఆ పేరు రావడానికి కారణం పక్కనే నిలబడ్డ ఆ మహాకాయుడే.

ఇంటి లోపలికి వస్తే రోమన్లు మనకు ఇంకా దగ్గరవాళ్లు. పెద్దింటి నడుమ ఏట్రియం అనే హాలు. కప్పు మధ్యలో తెరిచి ఉంటుంది. నాలుగు వైపుల చూరు నీళ్లూ లోపలికే జారి, కింద రాతి తొట్టిలో పడతాయి. ఆ తొట్టి పేరు ఇంప్లూవియం. గోదావరి జిల్లాల మండువా లోగిలి ఎరిగినవాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. వెలుగూ గాలీ వానా ఇంటి నడుమకు వస్తాయి, చుట్టూ వసారాలో మనుషులు మసులుతారు. రోములో అదే హాల్లో చెక్క అరల్లో తాతముత్తాతల మైనపు ముఖాలు ఉంచేవారు. ఇంట్లో ఎవరైనా పోతే నటులను పిలిపించి, ఆ ముఖాలు తొడిగించి, పూర్వీకులే ఊరేగింపులో నడుస్తున్నట్టు శవయాత్ర తీసేవారు. అంత పని అప్పగించిన నటుడికి మాత్రం చట్టంలో గౌరవం లేదు, పౌరహక్కుల్లో కోత పెట్టారు. ఫిల్మ్‌నగర్ ఆ లెక్కను తిరగరాసింది, సంతోషం. మన బంగళాలు రోమన్ల నుంచి వీధివైపు మొహం తెచ్చుకున్నాయి, ఈ నడిమి వాకిలిని వదిలేశాయి. మన తాతల ఇంట్లోనే ఉన్నది కూడా అదే కాబట్టి ఈ నష్టం రెండింతలు.

పైగా రోముతో మన పరిచయం కోఠీతో మొదలవలేదు. రోము బతికి ఉన్న రోజుల్లోనే ముఖాముఖి పరిచయం ఉంది. మసాలియా తీరపు సన్నటి వస్త్రాల గురించి ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుడు రాశాడు, అది మన కృష్ణా తీరం. ఏటా 5 కోట్ల సెస్టెర్సుల రోమన్ సొమ్ము భారతదేశానికి పోతోందని ప్లినీ మొత్తుకున్నాడు. ఆ సొమ్ములో కొంత మన నేలలో దొరికింది. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. కొండాపూర్‌లో అగస్టస్ బంగారు నాణెం దొరికింది. హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ కాదు, సంగారెడ్డి జిల్లాలో శాతవాహనుల నాటి దిబ్బ ఉన్న ఊరు, పురావస్తువేత్త గులాం యాజ్దానీ గారు 1940లలో తవ్వించినది. తెలుగు నేల మీద దొరికిన రోమన్ బంగారు నాణేల్లో కొన్నిటి మీద చక్రవర్తి తల మీదుగా ఒక ఉలిగాటు ఉంటుంది. మన వర్తకుడు ఆ బొమ్మకు దండం పెట్టలేదు. లోపల కూడా బంగారమేనా అని కోసి చూశాడని ఒక వివరణ.

నాగార్జునకొండలో, మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల విజయపురిలో, దీర్ఘచతురస్రపు గోదా ఒకటి దొరికింది. నాలుగు వైపులా ఇటుక మెట్లు, వాటి మీద రాతి పలకలు, వాననీరు పోయే కాలువ. రోమన్ ప్రభావం అని కొందరు పండితులు అన్నారు. రోమన్లది కోడిగుడ్డు ఆకారం, మనవాళ్లది మూలలున్న ఆకారం. ఆలోచన ఓడ దిగి వచ్చి ఉండొచ్చు, కట్టింది మాత్రం మన కొలతలతో, మన పలకలతో అని నా అభిప్రాయం. అక్కడే ఒక శిల్పంలో గడ్డపు మనిషి, భుజం మీదుగా వేలాడే పై వస్త్రం, చేతిలో మధువు తాగే కొమ్ము, కాళ్ల దగ్గర కూజా. మధ్యధరా తీరపు మద్యదేవుడి పోలిక స్పష్టంగా ఉంటుంది. చెక్కిన చెయ్యి పలనాటి సున్నపురాయికి అలవాటుపడ్డ చెయ్యి.

నాగార్జునసాగర్ నీళ్లు లోయను ముంచే ముందు, 1954 నుంచి 1960 దాకా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను పైకి తరలించారు. ఆ గోదాను కుడిగట్టున అనుపులో తిరిగి కట్టారు. మన ఆర్ట్ డిపార్టుమెంటుల్లో పనిచేసే కుర్రవాళ్లు రెఫరెన్సు కోసం ఫోన్లో రోము ఫోటోలు తిప్పుతుంటారు. వాళ్లకు నాదొక విన్నపం. హైదరాబాదు నుంచి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికల్లా అనుపు మెట్ల మీద ఉంటారు. టేపు తీసుకెళ్లండి. మెట్టు ఎత్తెంత, వెడల్పెంత, మూల ఎలా తిరిగింది, కాలువ ఎటు పోయింది, అన్నీ కొలిచి రాసుకోండి. పై మెట్టు మీద ఒకరు కూర్చుని, కింద గోదాలో మరొకరిని మామూలు గొంతుతో మాట్లాడమని, ఎలా వినిపిస్తుందో చూడండి. తర్వాత లాంచీ ఎక్కి దీవిలోని మ్యూజియానికి వెళ్లి ఆ కొమ్ము పట్టుకున్న మనిషి బట్ట మడతలు గీసుకోండి. ఈసారి రాజుగారి సెట్టు వేసేటప్పుడు ఆ కాగితాలు ముందు పెట్టుకోండి.